ఇంట్లోనే ఐవీ యాంటీబయాటిక్: ఏది ఎవరికి కుదురుతుంది?

జ్వరం తగ్గింది. రోగి లేచి తిరుగుతున్నారు, ఆకలి వేస్తోంది, రక్తపరీక్షలు కూడా దారిలో పడ్డాయి. కానీ డాక్టరుగారు మాత్రం "ఇంజెక్షన్లు ఇంకో నాలుగు వారాలు పడాలి" అంటారు. ఇన్ని వారాలూ ఆసుపత్రి మంచం మీదే ఉండాలా, ఇంటికెళ్లి వేయించుకోవచ్చా అన్న మాట అక్కడ మొదలవుతుంది.

చాలా కుటుంబాలు దీన్ని ఆసుపత్రా, ఇల్లా అన్న ఒకే ప్రశ్నగా చూస్తాయి. ఇళ్లకు వెళ్లి ఐవీ మందులు, అంటే నరానికి ఎక్కించే మందులు, ఇచ్చే నర్సుగా నాకు అందులో కనీసం ఐదు ప్రశ్నలు కనిపిస్తాయి. అసలు నరానికే ఇవ్వాలా? ఎవరు ఇస్తారు? ఏ మందు? ఏ లైను, అంటే నరంలో ఉంచే ఏ గొట్టం? దేనితో ఎక్కిస్తారు? ఇంట్లో చికిత్స సాఫీగా సాగుతుందా, రెండో వారానికే మళ్లీ ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వస్తుందా అన్నది ఎక్కువగా రెండు విషయాల మీద ఆధారపడుతుంది: రోజుకు ఎన్ని డోసులు, రాత్రి పది గంటలకు తేడా వస్తే ఫోన్ ఎత్తే మనిషి ఎవరు. ఈ రెండూ తేలకుండా డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టొద్దని నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను.

ముందు అడగాల్సింది: మాత్రలు సరిపోవా?

ఎముక ఇన్ఫెక్షన్‌కు ఆరు వారాలు, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌కు నాలుగు నుంచి ఆరు వారాలు మందు నరానికే పడాలన్నది దశాబ్దాలుగా పాతుకుపోయిన పద్ధతి. 2019లో అచ్చయిన రెండు పెద్ద పరిశోధనలు దాన్ని గట్టిగా కదిలించాయి.

ఒకటి బ్రిటన్‌లో 26 కేంద్రాల్లో, 1,054 మంది ఎముక, కీళ్ల ఇన్ఫెక్షన్ రోగులతో జరిగిన ఓవివా. చికిత్స మొదలైన, లేదా ఆపరేషన్ అయిన ఏడు రోజుల్లోపే సగం మందిని నోటి మందులకు మార్చారు, మిగతా సగానికి ఐవీ కొనసాగించారు. ఏడాది తర్వాత చూస్తే చికిత్స విఫలమైనవాళ్లు ఐవీ వైపు 14.6 శాతం, నోటి మందుల వైపు 13.2 శాతం. రెండోది డెన్మార్క్‌లో గుండె ఎడమవైపు కవాటాల ఇన్ఫెక్షన్ ఉన్న 400 మందితో జరిగిన పోయెట్. కనీసం పది రోజులు ఐవీ పడి, పరిస్థితి కుదుటపడిన తర్వాత మాత్రలకు మారినవాళ్లు, ఐవీలోనే కొనసాగినవాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు.

లినెజోలిడ్, లీవోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్ లాంటివి నోటితో వేసుకున్నా దాదాపు మొత్తం రక్తంలోకి చేరతాయి. ఆ మందులకు లొంగే సూక్ష్మక్రిమి అయితే, పేగు సరిగా పనిచేస్తుంటే, చేతికి వారాల తరబడి గొట్టం పెట్టుకోవాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. పిల్లల ఎముక ఇన్ఫెక్షన్లలో కూడా కొద్ది రోజులు ఐవీ ఇచ్చి, జ్వరమూ, ఇన్ఫెక్షన్ తీవ్రత చూపే సీఆర్పీ అనే రక్తపరీక్ష అంకె తగ్గాక నోటి మందుకు మారడం ఇప్పుడు మామూలే.

అలాగని మాత్రలన్నీ సాధువులేం కావు. లినెజోలిడ్ రెండు వారాలు దాటితే రక్తకణాలు పడిపోవచ్చు, కాబట్టి సీబీసీ (రక్తకణాల లెక్క) చూస్తూ ఉండాలి. రిఫాంపిసిన్ బోలెడు ఇతర మందుల పనిని చెడగొడుతుంది. వాంతులు ఆగనివాళ్లకు, పేగు మందును పీల్చుకోనివాళ్లకు, మాత్రలేవీ పనిచేయని మొండి క్రిములకు, మెదడు ఇన్ఫెక్షన్లకు, రక్తంలో స్టాఫ్ ఆరియస్ అనే క్రిమి పెరిగినప్పుడు మొదటి దశలో నరానికి ఇచ్చే మందే దారి. నిర్ణయం డాక్టరుదే. "మాత్రలకు మారే వీలుందా, లేకపోతే ఎందుకు లేదు?" అని అడగడం మాత్రం మన హక్కు. జవాబు సూటిగా వచ్చిందంటే ఆ డాక్టరు మీ కేసు మీద ఆలోచించారన్నమాట.

ఇంటికి పంపకూడని రోజులు

ఇంకా జ్వరం వస్తూ పోతూ ఉన్నా, బీపీ నిలకడగా లేకపోయినా, చీము తీయాల్సిన చోట ఇంకా తీయకపోయినా ఇంటి మాట ఎత్తకపోవడమే మంచిది. చీము గడ్డ లోపలే ఉంటే ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ అయినా దాని చుట్టూ తిరుగుతుందే తప్ప లోపలికి సరిగా చేరదు. మందు మొదటి డోసు ఎలర్జీని పట్టగలిగే, ఎదుర్కోగలిగే మనుషుల ముందే పడాలి. గతంలో అదే కోవ మందుకు దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ఆ సంగతి మరింత గట్టిగా చెప్పండి. మతిమరుపు ఉండి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను లైనుతో ఇంట్లో వదలడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

ఎవరు ఇస్తారు: నాలుగు దారులు

ఆసుపత్రిలోనే ఉండిపోవడం మొదటిది. డాక్టరు, నర్సు, ల్యాబు అన్నీ పక్కనే. కానీ వారాలు గడిచేకొద్దీ ఆసుపత్రి నుంచే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకునే అవకాశం పెరుగుతుంది. నిద్ర ఉండదు. పెద్ద వయసువాళ్లు మంచం మీదే ఉండి కాళ్లల్లో కండ కోల్పోతారు. మొదటి వారానికి ఇది సరైన చోటు, నాలుగో వారానికి చాలామందికి కాదు.

రెండోది రోజూ డే కేర్‌కో ఇన్ఫ్యూజన్ సెంటర్‌కో వెళ్లి వేయించుకుని రావడం. రోజుకు ఒక్క డోసు మందు అయితే ఇది నాకు బాగా నచ్చే మధ్యేమార్గం. ప్రతి రోజూ శిక్షణ ఉన్న కళ్లు లైనును చూస్తాయి, ఇంట్లో సూదులు, వయల్స్ (మందు సీసాలు) గొడవ ఉండదు. రోజుకు రెండు డోసులంటే మాత్రం ఇది అయ్యే పని కాదు. ప్రయాణమే రోగిని నీరసపరిచేలా ఉంటే, నడవలేని మనిషిని రోజూ మెట్లు దింపి ఎక్కించాల్సి వస్తే, ఆసుపత్రి నుంచి ఇంటికి రావడం వల్ల కలిగిన సుఖం అక్కడే ఆవిరైపోతుంది. సెలవు రోజుల్లో సెంటర్ తెరిచి ఉంటుందా అని కూడా అడగండి. ఆదివారం డోసు ఎగిరిపోయిన కేసులు నేను చూశాను.

మూడోది నర్సు ఇంటికి రావడం. రోగి కదలక్కర్లేదు, ఇంటివాళ్లు సూది పట్టక్కర్లేదు. ఇక్కడ చూడాల్సింది నర్సు వస్తుందా లేదా అన్నది ఒక్కటే కాదు. రోజూ ఒకే మనిషి వస్తుందా, పిక్ లైను (చేతి నుంచి గుండె పక్కనున్న పెద్ద నరం దాకా వెళ్లే గొట్టం) ఉన్న రోగులను ఇంతకు ముందు చూసిందా, తేడా కనిపిస్తే ఏ డాక్టరుకు చెబుతుంది అన్నవి తేల్చుకోవాలి. ఇంజెక్షన్ వేయడం వచ్చినవాళ్లందరికీ పిక్ లాంటి సెంట్రల్ లైను పట్టడం రాదు. వచ్చిన మనిషి లైను మూతను స్పిరిట్‌తో రుద్దకుండా నేరుగా సిరంజి తగిలిస్తుంటే, ఆ రోజే ఆపి, పంపినవాళ్లకు ఫోన్ చేయండి. మొహమాటపడే చోటు కాదిది.

నాలుగోది రోగో, ఇంట్లో ఒకరో నేర్చుకుని ఇవ్వడం. వినగానే భయం వేస్తుంది గానీ, ఇది కొత్త సాహసమేమీ కాదు. ఇంటి దగ్గర ఐవీ యాంటీబయాటిక్ అనే పద్ధతి వైద్య పత్రికల్లోకి ఎక్కిందే 1974లో, సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతో వచ్చి ఊపిరితిత్తులను పాడుచేసే జబ్బు) రోగుల అనుభవంతో. అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2018 మార్గదర్శకాలు కూడా, పర్యవేక్షణ ఏర్పాటు సరిగా ఉంటే నర్సు రాకపోయినా రోగి లేదా సంరక్షకులు ఇచ్చుకోవచ్చనే చెప్పాయి. ఆ షరతును తేలిగ్గా తీసుకోకూడదు. నేర్పించిన మనిషి ముందు మీరే మొత్తం పని చేసి చూపించాలి, ఎక్కడా వాళ్లు చేయి పెట్టకుండా. ఇద్దరు నేర్చుకుంటే ఇంకా మంచిది, ఒకరికి జ్వరమొస్తే రెండోవారు ఉంటారు. చేతులు వణికేవాళ్లు, చూపు మందగించినవాళ్లు, రక్తం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఈ బాధ్యత తలకెత్తుకోవద్దు. అది ప్రేమకు కొలత కానే కాదు.

నాలుగింటిలో ఒకటి పట్టుకుని చివరిదాకా లాగాలనే నియమం లేదు. మొదటి వారం డే కేర్, తర్వాత ఇంట్లో, మధ్యలో వారానికోసారి నర్సు వచ్చి కట్టు మార్చడం. ఈ కలగలుపే చాలామందికి సరిపోతుంది.

మందును బట్టే ఇల్లు

ఇంట్లో సాధ్యమా కాదా అన్నది రోగం పేరు కన్నా మందు పేరే ఎక్కువగా చెబుతుంది.

సెఫ్ట్రయాక్సోన్ రోజుకు ఒక్కసారి చాలు, అరగంటలో ఎక్కుతుంది. ఎర్టాపెనెమ్ కూడా రోజుకు ఒక్కటే. డాప్టోమైసిన్‌ను రెండు నిమిషాల్లో సిరంజితోనే ఇచ్చేయొచ్చు, కానీ వారానికోసారి సీపీకే పరీక్ష చేసి కండరాలు దెబ్బతినడం లేదని చూసుకోవాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఊపిరితిత్తుల న్యుమోనియాకు డాప్టోమైసిన్ పనికిరాదు, అక్కడి ద్రవమే దాన్ని నిర్వీర్యం చేస్తుంది. టైకోప్లానిన్‌ను మొదట్లో దగ్గరదగ్గరగా డోసులు వేసి, తర్వాత రోజుకు ఒకటికి, కొందరికి వారానికి మూడుసార్లకు తగ్గిస్తారు. ఇవన్నీ ఇంటికి సులువైన మందులు.

సెఫాజోలిన్ సాధారణంగా ఎనిమిది గంటలకోసారి పడాలి. పైపరాసిలిన్–టాజోబాక్టమ్ ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి. అంటే తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేవడం. మూడు రోజులు ఉత్సాహంగా లేస్తారు, పదో రోజు అలారం ఆపి పడుకుంటారు. దీన్ని నేను తప్పుగా చూడను, మనిషి ఒళ్లు అంతే. అందుకే ఇలాంటి మందుకు 24 గంటలూ సన్నగా ఎక్కే పంపు దొరుకుతుందా అని ముందే అడగాలి. దానికి మందు కలిపాక రోజంతా పాడవకుండా నిలవాలి. సెఫాజోలిన్, పైపరాసిలిన్–టాజోబాక్టమ్ నిలుస్తాయి. మెరోపెనెమ్ గది వేడికి కొద్ది గంటల్లోనే బలం కోల్పోతుంది. ఎర్టాపెనెమ్ కూడా కలిపాక ఎక్కువసేపు ఆగదు, కలిపిన కొద్ది గంటల్లోనే వాడేయాల్సిందే.

వాంకోమైసిన్ సంగతి వేరుగా చెప్పాలి. గ్రాము మందుకు కనీసం గంట పట్టాలి, గబగబా ఎక్కిస్తే మొహం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పెడుతుంది. అది సాధారణంగా నిజమైన ఎలర్జీ కాదు, వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. అసలు చిక్కు కిడ్నీలతో. రక్తంలో మందు స్థాయి ఎక్కువైతే కిడ్నీ దెబ్బతింటుంది, తక్కువైతే ఇన్ఫెక్షన్ తగ్గదు. కనీసం వారానికోసారి స్థాయి, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూసి డోసు మార్చేవాళ్లు ఉంటేనే ఇంట్లో వాంకోమైసిన్. లేకపోతే వేరే మందు అడగండి, లేదా ఆసుపత్రిలోనే ఉండండి.

జెంటామైసిన్, అమికాసిన్ వారాల తరబడి ఇంట్లో అంటే నేను గట్టిగా ఆలోచించమంటాను. ఇవి కిడ్నీలనూ చెవులనూ దెబ్బతీయగలవు. కిడ్నీ దెబ్బ చాలావరకు తిరిగి కోలుకుంటుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. చెవిలో హోరు, నడుస్తుంటే తూలడం మొదలైతే తర్వాతి డోసు వేయకుండా ఫోన్ చేయాలి.

ఇంకో దారి కూడా తెలుసుకోండి. డాల్బావాన్సిన్, ఒరిటావాన్సిన్ అనే మందులు ఒంట్లో వారాల పాటు నిలుస్తాయి. డాల్బావాన్సిన్ సగానికి తగ్గడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. చర్మం, కండల ఇన్ఫెక్షన్‌కు ఒకే డోసుతో పని ముగించవచ్చు, లోతైన ఇన్ఫెక్షన్లకు కూడా కొందరు నిపుణులు వారం తేడాతో రెండు డోసులు వాడుతున్నారు. గొట్టం అక్కర్లేదు, రోజూ ఇంజెక్షన్ అక్కర్లేదు. అన్ని చోట్లా దొరకదు, గ్రామ్ పాజిటివ్ అనే ఒక కోవ క్రిములకే పనిచేస్తుంది, ఎలర్జీ వస్తే మందు ఒంట్లోంచి త్వరగా పోదు. లైను పెట్టడం కష్టమైనవాళ్లకు, ఇంట్లో చూసే దిక్కు లేనివాళ్లకు ఇది వరమే.

ఒక మాట గట్టిగా. రోజుకు ఒక్కసారే అన్న సౌకర్యం కోసం అవసరానికి మించిన మందు ఎంచుకోవడం మంచిది కాదు. సెఫాజోలిన్‌తో చక్కగా చచ్చే క్రిమికి ఎర్టాపెనెమ్ వాడితే, పేగులోని మంచి క్రిములు చాలా పోయి మొండి విరేచనాలు, మందులకు లొంగని క్రిములు మిగలొచ్చు. సౌకర్యం లెక్కలోకి రావాలి, ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు తర్వాత.

ఏ లైను

మామూలు కాన్యులా (చేతి నరంలో పెట్టే చిన్న గొట్టం) కొద్ది రోజులకే. డే కేర్‌లో ఐదారు రోజుల మందుకు ఇది చాలు. నొప్పి, ఎరుపు, వాపు కనిపించగానే తీసి వేరే చోట పెట్టాలి. ఇంకా ఒక్క డోసే కదా అని లాగకూడదు.

మిడ్‌లైన్ మోచేతి పైభాగంలో పెట్టి, చంక దగ్గర ఆగిపోయే పొడవాటి గొట్టం. పిక్ లైన్ కూడా చేతిలోంచే వెళ్తుంది గానీ దాని కొస గుండె పక్కనున్న పెద్ద నరం దాకా చేరుతుంది. 2015లో మిషిగన్ నిపుణులు రూపొందించిన మ్యాజిక్ మార్గదర్శకాల సారం ఇది: చిన్న నరాలు తట్టుకునే మందు 14 రోజులు మించకపోతే మిడ్‌లైన్ మేలు, అంతకు మించితే పిక్ తగినది. పిక్‌లో రక్తం గడ్డకట్టడం, లైను ద్వారా రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరడం అనే ప్రమాదాలు ఉంటాయి కాబట్టి అవసరమైతేనే. యాంటీబయాటిక్ ఒక్కటే ఎక్కాలంటే ఒకే దారి ఉన్న సన్నటి పిక్ చాలు. రెండు మూడు దారులున్న లావుపాటిది పెడితే గడ్డ, ఇన్ఫెక్షన్ రెండింటి ముప్పూ పెరుగుతుంది. ఈ మాట లైను పెట్టే ముందే అడగాలి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. రేపు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులా (చేతిలో రెండు రక్తనాళాలను కలిపే ఆపరేషన్) చేయడానికి చేతి నరాలు బాగుండాలి. పిక్ ఆ నరాలను పూడ్చేయగలదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే లెక్క) 45 కన్నా తక్కువ ఉన్నవాళ్లకు పిక్ వద్దనే నిపుణుల సలహా, బదులుగా మెడ దగ్గర చర్మం కింద నుంచి పెట్టే సన్నటి టన్నెల్ లైను పెట్టొచ్చు. లైను పెట్టే గదిలోకి వెళ్లే ముందు "ఈయనకు కిడ్నీ సమస్య ఉంది, నెఫ్రాలజీ డాక్టరుగారిని అడిగారా?" అని ఒక్క మాట అనండి.

ఎక్కించే సాధనం

సిరంజితో నెమ్మదిగా ఇవ్వడం అన్నిటికన్నా సులువు, అన్ని మందులకూ కుదరదు. స్టాండుకు వేలాడదీసే సెలైన్ చౌక, కానీ చుక్కలు లెక్కపెట్టి చక్రం తిప్పాలి, రోగి చేయి కదిపితే వేగం మారుతుంది. వాంకోమైసిన్‌కు ఇది నాకు నచ్చదు. బ్యాటరీ పంపు వేగాన్ని కచ్చితంగా ఉంచుతుంది, గొట్టం మడతపడితే అరుస్తుంది. ఆ అరుపు ఎందుకో, ఎలా ఆపాలో తెలియకపోతే రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుంటారు.

నాకు ఇంట్లో ఎక్కువగా ఇష్టమైనది ఎలాస్టోమెరిక్ పంపు. గట్టి తొడుగులో లేదా విడిగా ఉండే బెలూను, మందుతో నింపితే టెన్నిస్ బంతి కన్నా కాస్త పెద్దగా ఉబ్బుతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, శబ్దం లేదు. చిన్న సంచీలో పెట్టుకుని పని చేసుకోవచ్చు. బెలూను ముడుచుకునే బలంతోనే మందు ఎక్కుతుంది. దీనికి చలి పడదు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తగిలిస్తే చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, కాబట్టి కొన్ని గంటల ముందే బయట పెట్టాలి, ఎన్ని గంటలన్నది పంపు మీద రాసి ఉంటుంది. వేడి నీళ్లలో ముంచడం మాత్రం వద్దు. చాలా మోడళ్లలో గొట్టం చివర వేగాన్ని నియంత్రించే చిన్న బిళ్ల ఉంటుంది, దాన్ని చర్మానికి అతికిస్తేనే సరైన వేగం వస్తుంది. మొదటి గంటలో బెలూను పెద్దగా తగ్గినట్టు కనిపించదు, అందుకని చెడిపోయిందనుకోవద్దు. చివర్లో బంతి మొత్తం ముడుచుకుని మధ్యలోని కర్రను అంటుకుంటుంది. అప్పుడే అయిపోయినట్టు.

ఒక డోసు, దగ్గర నుంచి

చదివి నేర్చుకునేది కాకపోయినా, ఇంట్లో పని ఎంతుంటుందో తెలియడానికి ఒక డోసు వివరిస్తాను. పెంపుడు జంతువులు, ఫ్యాను గాలి లేని చోట శుభ్రమైన బల్ల. సబ్బుతో చేతులు. వయల్ మీద పేరు, మోతాదు, గడువు తేదీ. లైను చివర మూతను స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఊదకుండా, విసరకుండా తనంతట తాను ఆరనివ్వాలి. అన్నిట్లోకీ ఎక్కువగా తప్పిపోయేది ఈ 15 సెకన్లే. లైను ఇన్ఫెక్షన్లకు తలుపు కూడా ఇదే.

తర్వాత 10 మి.లీ. సిరంజితో సెలైన్. చిన్న సిరంజి వద్దు, దానితో నొక్కితే లోపల ఒత్తిడి ఎక్కువై లైను చిట్లుతుంది. కొంచెం నొక్కి, ఆపి, మళ్లీ నొక్కాలి. ఒక ఇంట్లో నేర్చుకుంటున్న అబ్బాయి "సిస్టర్, కదలట్లేదు, ఇంకాస్త గట్టిగా నొక్కనా?" అన్నాడు. "వద్దు బాబూ, ముందు క్లాంపు చూడు" అన్నాను. గొట్టాన్ని మూసే బిగింపు అది. క్లాంపు మూసే ఉంది. అది తెరవగానే సెలైన్ దానంతటదే జారిపోయింది. క్లాంపు తెరిచి, మడతలు సరిచేసి, చేయి చాపించినా కదలకపోతే అక్కడితో ఆపి ఫోన్ చేయాలి. బలం వాడే సందర్భం ఈ పనిలో ఒక్కటీ లేదు.

మందు, మళ్లీ సెలైన్, కొన్ని లైన్లకు చివర్లో హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు). మీ లైనుకు అవసరమో కాదో కాగితం మీద రాయించుకోండి. సెఫ్ట్రయాక్సోన్ ఎక్కే గొట్టంలో కాల్షియం ఉన్న రింగర్ లాక్టేట్ లాంటి సెలైన్ కలవనివ్వకూడదు, గొట్టంలోనే గట్టిపడి పలుకులు కడుతుంది. సూదులు గట్టి డబ్బాలోకి వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు.

పారదర్శకమైన కట్టు వారానికోసారి మార్చాలి, తడిసినా ఊడినా ఆ రోజే. లైను ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టించొద్దు. స్నానానికి చేతిని ప్లాస్టిక్‌తో చుట్టాలి, నీళ్లలో ముంచే స్నానం, ఈత కుదరవు.

ఫోన్, పరీక్షలు

ఇంట్లో ఐవీ పడినన్నాళ్లూ వారానికోసారి సీబీసీ, క్రియాటినిన్ తప్పవు, మందును బట్టి లివర్ పరీక్షలు, ఎముక ఇన్ఫెక్షన్‌లో సీఆర్పీ కలుస్తాయి. పరీక్ష చేయించడం కన్నా ఆ రిపోర్టు ఎవరు చూస్తారన్నది ముఖ్యం. రిపోర్టు మెయిల్‌లో పడి ఉంటుంది, క్రియాటినిన్ రెట్టింపై ఉంటుంది, మందు మాత్రం అదే డోసులో ఎక్కుతూనే ఉంటుంది. దీన్ని ఆపాలంటే పేరుతో సహా ఒక మనిషి కావాలి. ఏ రోజు రక్తం తీస్తారో, ఏ రోజుకు ఎవరు ఫోన్ చేసి చెబుతారో డిశ్చార్జి నాడే రాయించుకోండి.

ఫోన్ చేయాల్సినవి: లైనులోకి సెలైన్ నొక్కిన (ఫ్లష్ చేసిన) గంటలోపు వణుకుతో జ్వరం వస్తే అది లైను ఇన్ఫెక్షనే అనుకుని ఆ లైను వాడటం ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. చేయి, భుజం, మెడ వాస్తే గడ్డ కావచ్చు. బయట కనిపించే గొట్టం పొడవు పెరిగినట్టుంటే కొస జరిగింది, మందు ఎక్కించొద్దు. రోజుకు మూడు నాలుగు నీళ్ల విరేచనాలైతే విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకుండా డాక్టరుకు చెప్పాలి, క్లాస్ట్రిడియాయిడ్స్ డిఫిసిలె అనే పేగు క్రిమి కావచ్చు. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాపు, ఆయాసం, కళ్లు తిరగడం అయితే ఫోన్ కాదు, మందు ఆపి అంబులెన్స్. లైను తెగినా చిట్లినా తెగిన చోటుకు, ఒంటికి మధ్య మడిచి గట్టిగా పట్టుకుని బయల్దేరాలి.

నన్ను అడిగితే

మాత్రలకు లొంగని మూత్ర ఇన్ఫెక్షన్‌కు ఓ వారం ఎర్టాపెనెమ్: కాన్యులా లేదా మిడ్‌లైన్, డే కేర్. దీనికోసం ఇంట్లో సరంజామా పోగేయనక్కర్లేదు. కాలు ఎముక ఇన్ఫెక్షన్‌కు ఆరు వారాలు, క్రిమి సెఫాజోలిన్‌కు లొంగుతుంది, ఇంట్లో నేర్చుకునే మనిషి ఉన్నారు: ఒకే దారి ఉన్న పిక్, 24 గంటల ఎలాస్టోమెరిక్ పంపు, రోజుకు ఒక్కసారి మార్పు, వారానికోసారి నర్సు, రెండో వారానికి మాత్రల సంగతి మళ్లీ అడగాలి. కిడ్నీ బలహీనంగా ఉండి వాంకోమైసిన్ రాశారు: ముందు వేరే మందు కుదురుతుందా అని చర్చించాలి, కుదరకపోతే పరీక్షలు వేగంగా జరిగే చోటే ఉండాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు కొన్ని మందులు డయాలసిస్ రోజునే ఇచ్చేయొచ్చు, కొత్త లైనే అవసరం ఉండదు. ఒంటరిగా ఉండే పెద్దావిడకు చర్మం ఇన్ఫెక్షన్: దొరికితే డాల్బావాన్సిన్, దొరకకపోతే రోజూ నర్సు.

డిశ్చార్జి కాగితం మీద మందు పేరు, మోతాదు ఉంటాయి గానీ ఆపాల్సిన తేదీ తరచుగా ఉండదు. అది రాయించండి. చివరి డోసు తర్వాత లైను ఎవరు, ఎక్కడ తీస్తారో కూడా రాయించండి. మళ్లీ అవసరమవుతుందేమోనని పిక్‌ను ఉంచేయమనేవాళ్లు ఉంటారు. డాక్టరు చికిత్స అయిపోయిందని చెప్పాక దాన్ని ఆ రోజో మర్నాడో తీయించేయండి. లోపల ఉన్న ప్రతి అదనపు రోజూ గడ్డకూ ఇన్ఫెక్షన్‌కూ ఇచ్చే అవకాశమే.